ఇరవై నిమిషాల పాస్తా: ఆకుకూర, మీగడ, మామిడి పులుపు

(ఆకాశవాణి మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈవేళ వంట గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నూజివీడు నుంచి వచ్చినదాన్ని కనుక ఏ ఆవకాయ సంగతో, మాగాయ సంగతో చెబుతాననుకుని ఉంటారు. ఆవకాయ గురించి మీకు నేను చెప్పేదేముందండీ? మీ అత్తగారి కొలత మీకుంది, మా అత్తగారి కొలత నాకుంది. ఆ రెండింటికీ ఎప్పటికీ పొత్తు కుదరదు. అందుకని ఈవేళ పాస్తా గురించి చెబుతాను. నవ్వకండి. నూజివీడులో పాస్తా ఏమిటే అని మా అత్తగారు కూడా నవ్వారు. ఆ నవ్వు ఎలా ఆగిందో చివర్న చెబుతాను.

కిందటేడు వేసవి సెలవులకి మా చెల్లెలి కూతురు హైదరాబాదు నుంచి వచ్చింది. పదమూడేళ్ళ పిల్ల. వీధి మలుపులో ఆటో దిగి ఇంటిదాకా నడిచి వచ్చేసరికే ఆయాసపడుతూ అరుగుమీద కూలబడింది. ముఖం పాలిపోయి ఉంది. ఎండదెబ్బేమో అనుకుని మజ్జిగ ఇచ్చాను. రాత్రి చెల్లెలు ఫోనులో అసలు సంగతి చెప్పింది. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9 ఉందట. ఆ వయసు ఆడపిల్లకి 12కి తగ్గకూడదు. డాక్టరుగారు ఐరన్ మాత్రలు రాసి, ఆకుకూరలు బాగా పెట్టమన్నారట. "మాత్రలైతే ఎలాగో మింగుతుందక్కా, ఆకుకూర మాత్రం నోట పెట్టదు. ఈ రెండు నెలలూ నీదే భారం" అంది.

ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదని మీకూ తెలుసు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తం తక్కువగా ఉందని తేలింది. మన ఆంధ్రప్రదేశ్‌లో అయితే నూటికి 58 మందికి పైనే. అందరికీ వడ్డించి, ఆఖర్న గిన్నె అడుగున మిగిలిన చారుతో అన్నం కలుపుకునే వాళ్ళం మనమే కదా! లెక్క అలా రాక ఎలా వస్తుంది?

సరే, మొదటి వారం తోటకూర పప్పు చేశాను, పాలకూర వేపుడు చేశాను, మెంతికూర రొట్టె చేశాను. పిల్ల మర్యాదస్తురాలు, కాదనదు. పళ్ళెం అంచుకి చక్కగా ఆకుని వరస పేర్చి లేచిపోతుంది. "మరి నీకేం ఇష్టమే అమ్మా?" అంటే "పాస్తా, పెద్దమ్మా" అంది. అలాగే కానీ అనుకుని బజారుకెళ్ళాను. ఇప్పుడు ఏ చిల్లర కొట్లోనైనా దొరుకుతోంది. గొట్టాలు, మరలు, గవ్వలు, ఎన్ని రకాలో! మీరు కొనేటప్పుడు ఒక్క సంగతి చూడండి. పొట్లం మీద డ్యూరమ్ గోధుమ రవ్వ అని ఉంటే అది గట్టి గోధుమ. ఉడికినా పలుకు చెదరదు. వట్టి మైదాతో చేసినదైతే కాస్త ఆదమరిస్తే ముద్దయిపోతుంది.

నా మొదటి ప్రయత్నం ఎలా ఏడ్చిందో చెబుతాను, వినండి. వెన్న తీద్దామని నాలుగు రోజులుగా ఫ్రిజ్‌లో గిన్నెకెత్తిన మీగడ ఉంది. దాన్ని బాణలిలో పోసి, ఆకు వేసి, కుతకుతలాడుతుండగా నిమ్మకాయ పిండాను. ఒక్క క్షణంలో తెల్లటి పలుకులు పలుకులుగా విడిపోయి, కింద పచ్చటి నీళ్ళు తేలాయి. మా అత్తగారు తొంగి చూసి, "పాలు విరిగితే కోవా అయినా చేసుకుంటాం, ఇది దేనికి పనికొస్తుందే?" అన్నారు. పిల్ల నా మొహం చూసి రెండు చెంచాలు తిని, ఆకలి లేదంది.

ఎందుకు విరిగిందో ఆ రాత్రి ఆలోచిస్తే తెలిసింది. మనం పనీరు చేసేది ఎలాగ? మరిగే పాలలో నిమ్మరసం పిండే కదా! పాలలోని మాంసకృత్తులకు పులుపూ వేడీ ఒకేసారి తగిలితే గడ్డ కడతాయి. నేను చేసింది అచ్చం అదే. పైగా నాలుగు రోజుల మీగడ అప్పటికే సగం పులిసి ఉంది. తాజా మీగడలో వెన్న ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ కనుక అది కొంత తట్టుకుంటుంది. అందుకని రెండు నియమాలు పెట్టుకున్నాను. మీగడ ఆ రోజుదే కావాలి. పులుపు స్టవ్ ఆర్పాకే పడాలి. ఆ రెండూ పాటించాక మళ్ళీ ఒక్కసారీ విరగలేదు.

ఇక కొలతలు. నలుగురికి సరిపడా చెబుతున్నాను, కాగితం దగ్గర పెట్టుకోండి. పాస్తా పావుకిలో. పాలకూర గానీ లేత తోటకూర గానీ రెండు పెద్ద కట్టలు. ఏరి, కడిగి, సన్నగా తరిగితే పావుకిలో దాకా రావాలి. సువాసనకి గుప్పెడు మెంతికూర, అంతకు మించితే చేదు. వెల్లుల్లి రేకలు అయిదు, పచ్చిమిర్చి రెండు, మిరియాలపొడి అర చెంచా, నూనె గానీ వెన్న గానీ రెండు చెంచాలు. తాజా మీగడ అర కప్పు, ఉండలు లేకుండా గిలకొట్టి పెట్టుకోవాలి. నిమ్మకాయ ఒకటి. గోంగూర, చుక్కకూర మాత్రం ఈ వంటలోకి రావు. వాటి పులుపు వాటిలోనే ఉంది కనుక మీగడని విరిచేస్తాయి.

ముందుగా పెద్ద గిన్నెలో రెండున్నర లీటర్ల నీళ్ళు స్టవ్ మీద పెట్టండి. అవి మరిగేలోపు ఆకుకూర కడిగి తరుక్కోవచ్చు. నీళ్ళు తెర్లుతుండగా చెంచాన్నర ఉప్పు వేసి పాస్తా పొయ్యండి. మొదటి నిమిషంలో కలియబెట్టకపోతే అడుగున ఒకదానికొకటి అంటుకుంటాయి. పది పన్నెండు నిమిషాలు పడుతుంది. పొట్లం మీద రాసిన సమయం కంటే ఒక్క నిమిషం ముందే దించెయ్యండి, మిగతా ఉడుకు బాణలిలో ఉడుకుతుంది.

వార్చేముందు ఒక కప్పు గంజి తీసి పక్కన పెట్టుకోండి. ఇది మరిచిపోతే వంట సగం పోయినట్టే. మన అమ్మలు గంజిని పారబోసేవారా? చీరలకు పెట్టేవారు, ఉప్పు వేసుకుని తాగేవారు. ఈ గంజిదీ అదే గుణం. అందులో పిండి ఉంటుంది. అది మీగడనీ నీళ్ళనీ విడిపోకుండా కలిపి పట్టుకుని, పాస్తాకి పూతలాగా అంటిస్తుంది. అది ఉంటే అర కప్పు మీగడతోనే కప్పున్నర పోసినంత చిక్కదనం వస్తుంది. మరో మాట. వార్చాక సేమ్యాకి చేసినట్టు చన్నీళ్ళతో కడగకండి. కడిగితే పైనున్న పిండి పోయి, మీగడ ఒకచోట, గొట్టాలు ఒకచోట అవుతాయి.

పాస్తా ఉడుకుతుండగానే రెండో స్టవ్ మీద బాణలి పెట్టి, నూనెలో చితక్కొట్టిన వెల్లుల్లి, పచ్చిమిర్చి చీలికలు వేయించండి. వెల్లుల్లి ఎర్రబడకూడదు, వాసన వస్తే చాలు. ఆకుకూర వేసి మూత పెట్టకుండా రెండు మూడు నిమిషాలు మగ్గనివ్వండి. ఆకు పచ్చగా ఉండాలి. నల్లబడేదాకా ఉంచితే రుచీ పోతుంది, విటమిన్లూ పోతాయి. మంట బాగా తగ్గించి సగం గంజి, తర్వాత మీగడ, ఆపైన పాస్తా, మిరియాలపొడి వేసి ఒక్క నిమిషం కలపండి. గట్టిగా అనిపిస్తే మరి కాస్త గంజి పొయ్యండి. స్టవ్ ఆర్పి, రెండు నిమిషాలు ఆగి నిమ్మరసం పిండి కలపండి. నిమ్మతొక్క పైన ఉండే పచ్చటి పొర చిటికెడు కోరి వేస్తే వాసన ఇల్లంతా వస్తుంది. కింది తెల్లపొర మాత్రం చేదు, దాన్ని ముట్టుకోకండి. నీళ్ళు పెట్టడం మొదలు వడ్డన దాకా ఇరవై నిమిషాలు, మహా అయితే ఇరవై అయిదు.

ఎండాకాలంలో నిమ్మకాయ ధర సంగతి మీకు తెలియంది కాదు. 2022 ఏప్రిల్లో ఒక్కో కాయ పది రూపాయల దాకా పలికింది. అదే రోజుల్లో మా ఊళ్ళో మామిడి పులుపుకి కొదవ ఉండదు. ఒక్క ఈదురుగాలి వీస్తే చాలు, తోటల నిండా రసాల కాయలూ, బంగినపల్లి కాయలూ రాలి పడి ఉంటాయి. రైతు గుండె బరువెక్కేది అప్పుడే. టెంక ముదరని కాయకు బజారులో ధర రాదు, బుట్టల లెక్కన చవగ్గా ఇచ్చేస్తాడు. అలాంటి చిన్నరసం పచ్చికాయ చెక్కు తీసి, సన్నగా కోరి, మూడు పెద్ద చెంచాలు నిమ్మరసం బదులు వేశాను. పిల్ల నిమ్మకాయ కంటే ఇదే బాగుందంది. పంటికింద తగిలే ఆ కోరు మహా రుచి. కలెక్టరు కాయ అయితే పులుపు తక్కువ కనుక మరో రెండు చెంచాలు పడుతుంది.

పులుపు రుచికోసమే అనుకోకండి. ఆకుకూరలో ఉన్న ఇనుమును మన ఒళ్ళు ఒక పట్టాన పట్టుకోదు. నిమ్మలో, పచ్చిమామిడిలో ఉండే విటమిన్ సి తోడైతే బాగా పట్టుకుంటుంది. ఆ విటమినేమో వేడికి నశిస్తుంది. అంటే స్టవ్ ఆర్పాక పులుపు వేయడంలో రెండు లాభాలు: మీగడ విరగదు, విటమిన్ పోదు. అలాగే పాలలోని సున్నం ఇనుముకి కొంచెం అడ్డు తగులుతుంది. అందుకే నేను అర లీటరు పాలు పోసి సాసు చెయ్యకుండా, సున్నం తక్కువగా ఉండే మీగడ కొంచెమే వేసి గంజితో చిక్కదనం తెప్పించాను. పాలగ్లాసు రాత్రి విడిగా ఇచ్చేదాన్ని. తిన్న వెంటనే టీ, కాఫీ కూడా వద్దు. ఒక గంట ఆగండి. అన్నం తిని చెయ్యి కడుక్కోగానే టీ గ్లాసు పట్టుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది.

మీగడ పడనివాళ్ళు పది పన్నెండు జీడిపప్పులు వేణ్ణీళ్ళలో పావుగంట నానబెట్టి మెత్తగా రుబ్బి వేసుకోవచ్చు. అది విరుగుతుందన్న బెంగే లేదు. పాస్తా లేకపోతే మన సేమ్యానే దోరగా వేయించి, మూడు నాలుగు నిమిషాలు ఉడికించి, వార్చి ఇలాగే చేయండి. పళ్ళు లేని పెద్దవాళ్ళకి పాస్తా మరో రెండు నిమిషాలు ఎక్కువ ఉడికించాలి.

జూన్ వచ్చేసరికి పిల్ల తనే తోటకూర కట్ట విప్పి ఆకు దూయడం నేర్చుకుంది. తన చేత్తో దూసిన ఆకు కనుక కాబోలు, పళ్ళెం అంచుకి పేర్చడం మానేసింది. సెలవులయ్యాక చేయించిన పరీక్షలో 11 దాటింది. అది మాత్రల చలవేనని నాకు తెలుసు, ఎవరికీ మాత్రలు మానమని చెప్పను. డాక్టరుగారు చెప్పినన్నాళ్ళూ వాడాల్సిందే. కానీ మాత్రలు ఏదో ఒకనాడు ఆపేస్తారు. ఆకుకూర తినే అలవాటు ఆపక్కర్లేదు కదా!

అత్తగారి సంగతి చెబుతానన్నాను. పిల్ల వెళ్ళే ముందురోజు అందరికీ పాస్తా వడ్డించి, నాకు పెట్టుకుందామని చూస్తే బాణలి ఖాళీ. చారన్నం తింటాలే అని లేస్తున్నాను. గొట్టాలు గొట్టాలని నవ్విన మా అత్తగారు తన పళ్ళెంలోది సగం నా పళ్ళెంలోకి తీసి పెట్టి, "దానికి తొమ్మిది, తొమ్మిది అని రెండు నెలలూ హైరానా పడ్డావు. నీకెంత ఉందో ఎప్పుడైనా చూపించుకున్నావుటే?" అన్నారు.

మర్నాడే వెళ్ళి చూపించుకున్నాను. 10 ఉంది. నేనూ మాత్రలు మొదలుపెట్టాను.

అంచేత ఈ వారం ఈ పాస్తా చేసి చూడండి. చేసిన రోజున బాణలి ఖాళీ కాకముందే మీ పళ్ళెంలో మీరు ముందు పెట్టుకోండి. వీలు చూసుకుని, మీ రక్తం ఎంత ఉందో కూడా ఒకసారి చూపించుకోండి.

మరి సెలవు.