నోరు విప్పే ధైర్యము

(సీతాఫల్‌మండి యువజన కూటములో చేసిన ప్రసంగము)



ఇంగ్లీషు బోధన కొరకు 1958లో హైదరాబాదులో స్థాపించిన కేంద్ర సంస్థ, 2007లో ఇఫ్లూ విశ్వవిద్యాలయమై, మనకు దగ్గరనే తార్నాకలో ఉన్నది. విదేశీయులు సహితము అక్కడికి వచ్చి నేర్చుకొని పోవుచున్నారు. మన వీధిలోని పిల్ల మాత్రము "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అనగానే తల్లి కొంగు చాటున దాగుకొనును. దీపము క్రిందనే చీకటి!

2022-23 నుండి ప్రభుత్వ బడులలో 1 నుండి 8 తరగతుల వరకు ఇంగ్లీషు మాధ్యమము వచ్చినది. ఇప్పుడు లెక్కలలో సందేహము కూడ ఇంగ్లీషులోనే అడుగవలెనని పిల్ల భయపడును. అడుగలేని పిల్ల ఒక్క ఇంగ్లీషులోనే కాదు, అన్నిటిలోను వెనుకబడును.

ఆమెకు ఇంగ్లీషు రాక కాదు. మార్కులు బాగుగనే వచ్చుచున్నవి. తెలుగులో క్రియ చివర వచ్చును, ఇంగ్లీషులో కర్త వెంటనే రావలెను. మాటను తిప్పి పేర్చుకొనుటకు కొన్ని క్షణములు పట్టును. ఆలోపలనే మనము "ఊఁ, చెప్పు, చెప్పు" అందుము. అమెరికాలో మేరీ బడ్ రో అను విద్యావేత్త 1970 దశకములో తరగతులను పరిశీలించి, ఉపాధ్యాయులు ప్రశ్న వేసి సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుచున్నారనియు, మూడు సెకన్లు ఆగినచో జవాబులు పెద్దవగుననియు చూపెను. మూడు సెకన్లు! ఇంతకంటె చౌకయైన ధర్మము ఏమున్నది?

1979 నుండి 1984 వరకు ఎన్. ఎస్. ప్రభు గారు దక్షిణాది పాఠశాలలలో నడిపిన బెంగుళూరు ప్రయోగము నాకు మిక్కిలి నచ్చినది. వ్యాకరణమును వల్లె వేయింపక, పటములను, రైళ్ళ వేళల పట్టికలను ముందుంచి లెక్క తేల్చుమనిరి. మనస్సు అర్థము మీద ఉన్నప్పుడే భాష అబ్బునని ఆయన భావము.

మనకు రైలు స్టేషను గుమ్మములోనే ఉన్నదాయె. ఒక బిడ్డ చేతికి వేళల పట్టిక ఇచ్చి, మరొక బిడ్డను తెలుగు రాని ప్రయాణికుని చేయుడి. కాచిగూడ బండి ఎప్పుడు, టిక్కెట్టు ఎక్కడ అని అడిగింపుడి. ఇద్దరే చాలును, నలుబదిమంది ముందు నిలబెట్టవద్దు. "ఐ యామ్ గో" అనినచో నవ్వక, "ఓ, యు ఆర్ గోయింగ్?" అని మాట సాగింపుడి. "బస్" అనుటకు "బస్సు" అనినను నేరము కాదు, పదము చివర అచ్చు పలుకుట మన భాష నడక. కాన్వెంటు యాసకై ప్రాకులాడుట నాకు వేషముగానే తోచును.

రైల్వేలో ఇంగ్లీషులోనే ఫైళ్ళు నడిపి విశ్రాంతి పొందిన పెద్దలు మనలో ఉన్నారు. ఆదివారము ఆరాధన అయిన తరువాత హాలు ఖాళీగానే ఉండును. గంటసేపు కూర్చుండగలవారు ఈ సాయంత్రమే నాకు పేర్లు ఇయ్యుడి. వేళల పట్టికలు నేను తెచ్చెదను.