యంత్రజ్వరము



ఒడలు నిప్పువలె కాగుచుండగా కాలుచేతులు చల్లబడినచో మన వైద్యులు దానిని సామాన్యజ్వరముగా నెంచరు. మోటారుబండికిని ఇట్టి జ్వరము కలదు. వేడిని జూపు ముల్లు ఎఱ్ఱగీటును దాటుచుండును; హీటరు మాత్రము చల్లగాలి విడుచుచుండును. నేటి ప్రసంగము దానిని గూర్చియే.

ఒక పుష్యమాసమున నేను మా మేనల్లుని కారులో శృంగవరపుకోట నుండి అరకు కనుమ నెక్కుచుంటిని. తెల్లవారుజాము, చలి మెండు. హీటరు త్రిప్పగా చల్లగాలి వచ్చెను. ఇంతలో ముల్లు పైకెగసెను. "హీటరే చల్లగా నున్నది గదా మామయ్యా! ఇంజను వేడెక్కు టెట్లు? ముల్లే చెడియుండును" అని యతడు బండి నాపడాయెను. తర్కము చదివిన నేనును ఊరకుంటిని. రెండు మైళ్లు పోవునంతలో ఇంజను నిలిచిపోయెను. హెడ్డు వంకరపోయినదని మెకానిక్కు చెప్పెను. మరమ్మతుకు మావాని మూడు నెలల జీతము చెల్లినది.

మా పొరపా టేమి? హీటరునకు వేడి యెచ్చటినుండి వచ్చునో విచారింపమైతిమి. హీటరు వేఱొక పొయ్యి కాదు. ఇంజనును చల్లార్చుటకై తిరుగు నీటిలో, అనగా కూలెంటు కలిపిన నీటిలో, కొంతభాగము సన్నని గొట్టములగుండ చిన్న రేడియేటరు వంటి దానిలోనికి పోవును. దానిమీదుగా ఫంకా గాలిని వీచును. అదియే హీటరు. చెరువు నీరు తగ్గినపుడు ముందుగా ఎండునది మెరకచేను గదా! హీటరు తఱచుగా అట్టి మెరకచేనే. ఇంజనులో వేడి యున్నను దానిని మోసికొనివచ్చు నీరు లేదు. కావున రెండు లక్షణములకును కారణ మొక్కటియే: నీరు తగ్గుటయో, నడుమ గాలి చిక్కుకొనుటయో, నీటిని త్రిప్పు పంపు చెడుటయో.

ఇంజను కాగుచు హీటరు వేడిగాలినే యిచ్చుచున్నచో, నీరు తిరుగుచున్నదని యూహింపవచ్చును. అప్పుడు తెఱచుకొనని థర్మోస్టాటును, పూడిన రేడియేటరును, తిరుగని ఫంకాను సందేహింపవలెను.

ఇక చేయవలసిన దేమి? బండిని వెంటనే ప్రక్కకు దీసి ఇంజను నాపవలెను. ముల్లు హఠాత్తుగా క్రిందికి పడినను నమ్మరాదు. నీరు తగలనిచో అది తప్పు చూపవచ్చును. వేడిమీద రేడియేటరు మూత త్రిప్పనేరాదు. లోపలి నీరు ఒత్తిడిచే నూరు డిగ్రీలు దాటియు ఆవిరి కాకుండ నిలిచియుండును. మూత వదులైనంతనే ముఖముమీదికి చిమ్మును. కాగిన ఇంజనులో చన్నీరు పోసినచో లోహము పగులవచ్చును.

బాగుగా చల్లారిన పిదప మట్టము చూడుడు. తగ్గియున్నచో, ఎటు పోయెనో వెదకవలెను. బండిక్రింద తడి యున్న గొట్టమో, పంపో కారుచున్నది. లోపల కాళ్లకడ తడియు, తియ్యని వాసనయు నున్న హీటరే కారుచున్నది. ఇంజను నూనె పాలవలె తెల్లబారిన, హెడ్డు గాస్కెటు చెడియుండును. మట్టము సరిగా నున్నచో పంపును, బెల్టును చూపింపవలెను. ఇటీవల నీరు మార్చియున్నచో గాలి చిక్కుకొనియుండును.

విరుద్ధముగా దోచు రెండు గుఱుతులలో ఒకదానిని అబద్ధమనుట సులభము. రెండును నిజమైనచో కారణమేమని యడుగుట వివేకము. బిడ్డలు బండి నడుపునపుడు ప్రక్కన గూర్చుండు పెద్దలు మీరు. "బండి ఆపుము నాయనా" అనుటకు యంత్రవిద్య యక్కఱలేదు. ఆనాడు నే నా మాట యనలేకపోతిని.