కార్డు అడగని దేశంలో కాగితం ఎవర్ని అడిగారు?

(కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బ్రిటన్ రాజకీయాలు మనకెందుకని మీరడగొచ్చు. కారణముంది. 1930 నవంబరులో లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో బాబాసాహెబ్ అంబేడ్కర్ తెల్లదొరల్ని ముఖం మీదే నిలదీశారు. మీరు రాకముందు మమ్మల్ని ఊరబావి దగ్గరికి రానివ్వలేదు, మీరొచ్చి ఇన్నేళ్లయింది, ఇప్పుడు రానిస్తున్నారా అని అడిగారు. ఆ ప్రశ్నకు ఆ దేశం ఈనాటికీ సరైన జవాబు చెప్పలేదని మా అభిప్రాయం. ఎట్లాగో చెబుతాం.

తమది స్వేచ్ఛకు పుట్టిల్లని బ్రిటిష్‌వాళ్లు చెప్పుకుంటారు. కొంత నిజమే. 1939లో యుద్ధం పేరుతో గుర్తింపు కార్డులు పెట్టారు. యుద్ధం అయిపోయినా పోలీసులు అడుగుతూనే ఉంటే, 1950లో ఒక సామాన్యుడు చూపనుపొమ్మన్నాడు. కేసు నడిచింది. 1952లో కార్డులే ఎత్తేశారు. 2006లో మళ్లీ చట్టం తెస్తే జనం ఎదురు తిరిగారు. 2010లో అదీ రద్దయింది. సర్కారు అడిగినప్పుడల్లా నువ్వెవరో రుజువు చేసుకోనక్కర్లేదనేది మంచి హక్కే. కాదనం.

అయితే ఆ హక్కు ఎవరికి?

1948లో ఎంపైర్ విండ్‌రష్ అనే ఓడ కరీబియన్ దీవుల నుంచి నల్లవాళ్లను తెచ్చింది. వాళ్ల వెనక వేలమంది వచ్చారు. బస్సులు నడిపారు, ఆస్పత్రుల్లో రోగుల్ని చూసుకున్నారు. తల్లిదండ్రుల వెంట వచ్చిన పిల్లలు అక్కడే పెరిగి పెద్దవాళ్లయ్యారు. అక్కడ ఉండే హక్కు చట్టమే ఇచ్చింది. కాగితం మాత్రం చాలామందికి ఎవరూ ఇవ్వలేదు. 2012 నుంచి హోంమంత్రి థెరిసా మే వలస వచ్చినవాళ్లకు ఊపిరాడనివ్వని విధానం పెట్టింది. పనిచ్చే యజమాని, ఇల్లు అద్దెకిచ్చేవాడు, ఆస్పత్రి, అందరూ కాగితం తెమ్మన్నారు. వాళ్లెప్పుడు వచ్చారో చెప్పే పాత కార్డుల్ని 2010లో నాశనం చేసింది ఆ హోంశాఖే! సాక్ష్యం మాపినవాడే సాక్ష్యం తెమ్మంటే ఎక్కణ్ణించి తెస్తారు? ఉద్యోగాలు పోయాయి, వైద్యం అందలేదు. కనీసం 83 మందిని అన్యాయంగా దేశం దాటించారు. 2018లో గుట్టు రట్టయ్యాక అప్పటి హోంమంత్రి ఆంబర్ రడ్ రాజీనామా చేసింది.

తెల్లవాడి జేబులో కార్డు అక్కర్లేదు. నల్లవాడి జేబులో మాత్రం యాభయ్యేళ్ల కాగితాలుండాలి. ఇదేం జాతీయత?

ఇక మనవాళ్ల సంగతి. మనదేశం నుంచి వెళ్లినవాళ్లతో పాటు కులం కూడా విమానమెక్కింది. 2010 సమానత్వ చట్టంలో కులాన్ని చేర్చే అధికారం మంత్రికిచ్చారు. 2013లో చేర్చితీరాలని పార్లమెంటు చెప్పింది. కొన్ని హిందూ సంఘాలు అడ్డుపడ్డాయి. 2018లో ప్రభుత్వం చేర్చేది లేదంది, కోర్టులు చూసుకుంటాయంది. కోర్టులా? బీహార్ నుంచి ఇంటిపనికి తీసుకెళ్లిన ఒక ఆదివాసీ అక్క రోజుకు 18 గంటల చొప్పున నాలుగున్నరేళ్లు చాకిరీ చేసింది. గంటకు 11 పెన్నీలు కూలి! 2015లో ఆమె గెలిచింది. లక్షా 80 వేల పౌండ్ల పైచిలుకు జీతం బాకీ కట్టమని తీర్పొచ్చింది. సంతోషం. మరి ఆ ఇంటి గడప దాటలేనివాళ్లు కోర్టు మెట్లు ఎట్లా ఎక్కుతారు?

పౌరహక్కులంటే పోలీసు నుంచి కాపాడుకోవడం ఒక్కటే కాదు. యజమాని నుంచి, ఇల్లుగలాయన నుంచి, కులం నుంచి కూడా కాపాడాలి. ఆ మాట చట్టంలో రాయాలి. రాయించుకోవాలంటే నల్లవాళ్లు, దళితులు కలిసి అడగాలి. బాబాసాహెబ్ అడిగిన బావి ప్రశ్న లండన్‌లో ఇంకా బతికే ఉంది.

జై భీమ్!