హైబ్రిడ్ కారు – పెట్రోలు దీపం – మన గుండె దడ

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో మధ్యాహ్నం చేసిన ప్రసంగ పాఠం)



కరువుభత్యం బకాయిల గురించి, హెల్తు కార్డుల గురించి ఉదయం నుంచి మాట్లాడుకుని అందరం అలసిపోయాము. భోజనాల తరువాత కాసేపు వేరే విషయం ఏదైనా చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నేను ఇంజనీరును కాను. ముప్ఫయి ఆరు సంవత్సరాలు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. అయితే అందులో ఏడు సంవత్సరాలు ఆఫీసు జీపుల లాగ్ బుక్కులు నా బల్లమీదనే ఉండేవి. ఏ జీపు ఎన్ని లీటర్లు తాగింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఆడిటువారికి లెక్క చెప్పవలసింది నేనే. ఆ అర్హతతో ఈ నాలుగు మాటలు.

మనలో కొందరికి పిల్లలు హైబ్రిడ్ కార్లు కొనిపెట్టారు. మరికొందరు పిల్లల కార్లలో వెనుక సీట్లో కూర్చుని పెళ్ళిళ్ళకూ పుణ్యక్షేత్రాలకూ వెళ్ళి వస్తున్నారు. డాష్‌బోర్డు మీద పసుపుపచ్చ రంగులో పెట్రోలు బంకు బొమ్మ వెలగగానే మనకు రక్తపోటు పెరుగుతుంది. ముందు కూర్చున్న కుర్రవాళ్ళేమో 'ఇంకా డెబ్భై కిలోమీటర్లు వస్తుంది తాతయ్యా' అంటారు. మన సభ్యులొకరు ఈ దీపం బాధ పడలేక ఊరు దాటి కారులో వెళ్ళడమే మానుకున్నారు. వారు ఈ సభలోనే ఉన్నారు, పేరు చెప్పను.

మన కాలంలో ఈ దీపాలు లేవు. మా ఆఫీసు జీపుకు పెట్రోలు టాంకు డ్రైవరు సీటు కిందనే ఉండేది. ముల్లు ఎప్పుడూ ఒకేచోట నిలబడి ఉండేది, అది పనిచేయగా చూసినవారు లేరు. డ్రైవరు సీటు ఎత్తి, మూత తీసి, వేపపుల్ల ముంచి తడి ఎంతవరకు వచ్చిందో చూసేవాడు. ఆ తడిని బట్టి తహసీల్దారుగారి క్యాంపు నిర్ణయమయ్యేది! ఇక స్కూటర్లు. వాటికి ముల్లు కూడా లేదు. మీటకు మూడు స్థానాలు: బంద్, ఆన్, రిజర్వు. టాంకులో ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, రెండు గొట్టాలు. పొడుగు గొట్టం మూతి కంటే పెట్రోలు కిందికి దిగిపోతే బండి నడిరోడ్డున దగ్గి ఆగేది. మీట రిజర్వుకు తిప్పితే పొట్టి గొట్టంలోంచి మిగిలింది వచ్చేది. అదీ అయిపోతే స్కూటరును పక్కకు వంచి, రెండు నిమిషాలు ఉంచి, దేవుణ్ణి తలుచుకుని కిక్కు కొట్టడమే. నవ్వుతున్నారు గనుక అందరూ వంచినవారే అని అర్థమవుతున్నది.

అప్పుడు భయం ఎందుకు లేదంటే, ఆ రిజర్వు ఎంతో మనకు తెలుసు. మన చేత్తోనే తిప్పాము, అక్కడినుంచి లెక్క మొదలు. ఇప్పుడు లెక్క యంత్రం వేస్తున్నది. అది ఏ పద్ధతిన వేస్తున్నదో తెలియకపోవడమే మన దడకు కారణమని నా అభిప్రాయం.

ఈ దడకు ఇంగ్లీషువారు పేరు కూడా పెట్టారు, 'రేంజ్ యాంగ్జయిటీ' అని. 1997లో అమెరికాలో జనరల్ మోటార్సు వారి ఈవీ1 అనే బ్యాటరీ కారు గురించి రాస్తూ ఒక వ్యాపార పత్రికలో ఈ మాట వాడారు. చార్జింగు అయిపోయేలోగా ఇల్లు చేరతామా అనే బెంగ అన్నమాట. అదే సంవత్సరం డిసెంబరులో జపానులో టయోటావారు ప్రియస్ అనే హైబ్రిడ్ కారును విడుదల చేశారు. పెట్రోలు బంకు ఉన్నంతవరకు బ్యాటరీ బెంగ లేని కారు అది. మన దేశంలో ఇటువంటివి సామాన్యంగా కనబడడం 2022 నుంచి మొదలైంది. హోండా సిటీలో ఒక రకం, మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్, ఇన్నోవా హైక్రాస్, అన్నీ ఆ సంవత్సరం వచ్చినవే.

మన సభ్యులు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న: 'ఇందులో బ్యాటరీ ఉంది కదా, పెట్రోలు అయిపోతే కరెంటు మీద ఇంటికి రాదా?' రాదు. ఎందుకు రాదో కాస్త వివరంగా చెబుతాను, అసలు సంగతి ఇదే.

గ్రాండ్ విటారా హైబ్రిడ్ బ్యాటరీలో పట్టేది 0.76 యూనిట్లు. మన ఇంటి మీటరులో తిరిగే యూనిట్టే, అందులో ముప్పాతిక. ఒక లీటరు పెట్రోలులో ఉండే శక్తి సుమారు తొమ్మిది యూనిట్లు. ఇంజను అందులో మూడో వంతుకు కొంచెం అటూ ఇటూ మాత్రమే చక్రాలకు అందిస్తుంది, మిగతాది వేడి. అయినా కూడా టాంకులో ఒక్క లీటరు ముందు ఆ బ్యాటరీ చిల్లర డబ్బుల వంటిది. పైగా బ్యాటరీ పాడవకుండా కారు దాన్ని అడుగంటా వాడనివ్వదు. ఒకటి రెండు కిలోమీటర్లు మెల్లగా పోవచ్చునేమో, అంతే. దానిని గోడ ప్లగ్గుకు పెట్టే వీలు కూడా ఈ కార్లలో లేదు. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని కొంత పట్టి దాచుకుంటుంది, మిగతా చార్జింగు ఇంజనే చేస్తుంది. అంటే బ్యాటరీలోని ప్రతి చుక్కా ఒకప్పుడు మనం బంకులో డబ్బు కట్టిన పెట్రోలే. 'స్మార్ట్ హైబ్రిడ్' అని 2015 నుంచి సియాజ్ వంటి కార్లమీద రాసి అమ్మినవి వేరే. వాటిలోని చిన్న మోటారు ఇంజనుకు చేయి సాయం చేస్తుందే గాని ఒంటరిగా కారును కదిలించలేదు.

ఇక 'ఇంకా ఇన్ని కిలోమీటర్లు' అని చూపించే అంకె. మన భాషలో చెప్పాలంటే అది బడ్జెటు ఎస్టిమేటు. యాక్చువల్సు కాదు. టాంకులో ఎంత మిగిలిందో ఒక తేలే బెండు చెబుతుంది. ఈమధ్య కారు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇచ్చిందో కారుకు గుర్తుంటుంది. రెండింటినీ గుణించి, అడుగున కొంత మిగులు పక్కన పెట్టి చూపిస్తుంది. గడిచిన త్రైమాసికం ఖర్చును బట్టి వచ్చే త్రైమాసికానికి ఎస్టిమేటు వేయడం మనమందరం చేసిన పనే. మార్చి నెలలో ఏమయ్యేదో కూడా మనకు తెలుసు.

హైబ్రిడ్‌లో ఈ ఎస్టిమేటు మామూలు కారులో కంటే ఎక్కువగా ఊగుతుంది. మామూలు కారు ఊళ్ళో ఎక్కువ తాగి హైవేలో తక్కువ తాగుతుంది. హైబ్రిడ్‌ది తిరగబడ్డ లెక్క. సిగ్నలు దగ్గర ఇంజను ఆగిపోతుంది, ట్రాఫిక్‌లో కరెంటు మీద పాకుతుంది. అందుచేత ఊళ్ళో లీటరుకు 24 ఇచ్చి, హైవేలో 110 వేగంతో, ఏ.సి. వేసుకుని, సామాను ఎక్కించుకుని పోతే 16కు దిగవచ్చు. పది లీటర్లున్నప్పుడు ఊళ్ళో చూపించిన 240, రింగు రోడ్డు దాటాక 160 అవుతుంది. ఎనభై కిలోమీటర్లు ఎవరూ దొంగిలించలేదు, అవి ఉన్నవే కావు. గ్రాండ్ విటారాకు కంపెనీ చెప్పే మైలేజి 27.97, టాంకు 45 లీటర్లు. గుణిస్తే 1,258 కిలోమీటర్లు. ప్రయోగశాలలో కొలిచిన అంకెను నమ్ముకుని శ్రీకాకుళం బయలుదేరితే టి.ఎ. బిల్లు పాసు కాదు.

గత కార్తీకమాసంలో మా పెద్దబ్బాయి తన హైబ్రిడ్ కారులో మా ఇద్దరినీ, మా వదినగారినీ శ్రీశైలం తీసుకువెళ్ళాడు. హైదరాబాదు నుంచి సుమారు 215 కిలోమీటర్లు. తిరుగు ప్రయాణానికి బయలుదేరేముందే పెట్రోలు పోయించమని మా శ్రీమతి అన్నది. 118 చూపిస్తున్నది, అడవి దాటాక చూద్దామన్నాడు వాడు. సాయంత్రం ఏడు దాటింది. మన్ననూరుకూ దోమలపెంటకూ మధ్య పులుల అభయారణ్యంలో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు వాహనాలను పోనివ్వరు. అది జంతువుల కోసం పెట్టిన నియమం, మంచిదే. కాబట్టి తొందర.

ఘాటు దిగి కృష్ణ దాటి మళ్ళీ ఎక్కాము. దోమలపెంట వచ్చేసరికి అంకె 61కి పడిపోయింది, దీపం వెలిగింది. మేము వచ్చింది ముప్ఫయి కిలోమీటర్లకు లోపు, అంకె తగ్గింది 57. ముందు యాభై పైచిలుకు కిలోమీటర్ల అడవి. వెనక్కు వెళ్ళి పోయించుకు వస్తే గేటు మూసేస్తారు, రాత్రంతా కారులోనే. మా శ్రీమతికి రాత్రి భోజనానికి ముందు ఇన్సులిను. ఇంజెక్షను ఐసు డబ్బాలో ఉన్నది గాని, పొడుచుకున్నాక తినడానికి సంచిలో మరమరాలు తప్ప ఏమీ లేవు. వదినగారు లలితా సహస్రనామం మొదలుపెట్టారు. అబ్బాయి మెడ మాత్రమే మాకు వెనుకనుంచి కనబడుతున్నది. ఆ మెడ బిగుసుకుపోయింది.

నేను వాడితో అన్నది ఇంతే. ఎక్కుడు అయిపోయింది, ఇక్కడినుంచి దారి అంత కష్టం కాదు. నలభై అయిదు, యాభై దాటకు, ఏ.సి. ఆపి అద్దాలు దించు, ఆ అంకె ఎంతో మాకు పైకి చదివి చెబుతూ ఉండు. ఎలాగూ ఆ అడవిలో వేగంగా పోకూడదు. ఇరవై కిలోమీటర్లు పోయాక 52 అన్నాడు. ఇరవై నడిచి తొమ్మిదే తగ్గింది. సహస్రనామం వేగం కూడా తగ్గింది. మన్ననూరు గేటు దాటేసరికి 31. అడవి దాటాక తగిలిన మొదటి బంకులో టాంకు నింపాము. 45 లీటర్ల టాంకులో పట్టింది 39.4. ఆ బిల్లు నేను దాచాను, పాత అలవాటు. అంటే అయిదున్నర లీటర్లు టాంకులో ఉండగానే మేమంతా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాము.

దీన్ని బట్టి దీపాన్ని లక్ష్యపెట్టనవసరం లేదని కుర్రవాళ్ళు వాదిస్తారు. మావాడూ వాదించాడు. నేను ఒప్పుకోను. మిగులు ఎంత ఉంచాలన్నది ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క పద్ధతి. కారు వాలుగా నిలబడితే బెండు తప్పు చెబుతుంది. టాంకు ఆకారం అడ్డదిడ్డంగా ఉంటుంది గనుక ముల్లు అన్నిచోట్లా ఒకే వేగంతో దిగదు. అమెరికాలో అమ్మిన రెండవ తరం ప్రియస్‌లో ఆవిరి బయటికి పోకుండా టాంకు లోపల మెత్తని సంచి పెట్టారు. చలికి అది బిగుసుకుపోయి టాంకులో పట్టే పెట్రోలే తగ్గేది, ముల్లును నమ్మినవారు కొందరు రోడ్డుమీద ఆగిపోయారు. ఇంకొక సంగతి: పెట్రోలు పంపు టాంకులోనే మునిగి ఉంటుంది, చుట్టూ ఉన్న పెట్రోలే దానికి చలవ. తరచుగా అడుగంటించి నడిపితే ముందుగా అరిగేది అది. పైగా ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాలు కలిసిన పెట్రోలు. ఇథనాలులో లీటరుకు శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, కాబట్టి పాత మైలేజి అంకెలలో కొంత కోత వేసుకోవాలి.

నిజంగానే అయిపోతే ఏమిటి? పాత అంబాసిడరు లాగా తోసి స్టార్టు చేద్దామనుకోకండి, తోస్తే స్టార్టయ్యే బండి కాదిది. టయోటా పద్ధతి హైబ్రిడ్లలో ఇంజనును తిప్పి లేపేది కూడా ఆ పెద్ద బ్యాటరీయే. అందుకే పెట్రోలు లేకుండా కరెంటు మీద సాగదీసి బ్యాటరీని పూర్తిగా ఎండబెడితే, తరువాత పెట్రోలు పోసినా ఇంజను లేవకపోవచ్చు. అప్పుడది బంకు పని కాదు, వర్క్‌షాపు పని. దీపం వెలిగి ఇంజను తడబడితే వెంటనే పక్కకు తీసి ఆపడమే. ట్రాక్టరుకు తాడు కట్టి లాగించడం మన పల్లెల్లో మామూలు. ముందు చక్రాలు నేలమీద దొర్లితే లోపల మోటారు కూడా తిరుగుతుంది, దెబ్బ తింటుంది. మొత్తం బండిని ఎక్కించుకుపోయే లారీని పిలిపించాలి. పెట్రోలు తెచ్చి పోసేటప్పుడు అర లీటరు పోసి మీట నొక్కితే కొన్ని కార్లు లేవవు. దీపం ఆరిపోయేటంత పోయాలని ఆ కార్ల పుస్తకంలోనే రాసి ఉంటుంది. ఆ పుస్తకం గ్లవ్ బాక్సులో కవరు కూడా విప్పకుండా ఉంటుంది, మనవలచేత చదివించుకోండి.

వెనుక సీటువారి తరఫున పిల్లలకు ఒక అర్జీ. దీపం వెలిగితే దాచకండి. ఎంత ఉంది, బంకు ఎంత దూరం, రెండు అంకెలూ పైకి చెప్పండి. మా వయసువారికి మాత్రల వేళ ఉంటుంది, భోజనం వేళ ఉంటుంది, ఇంకా పైకి చెప్పుకోలేని వేళలూ ఉంటాయి. మౌనంగా స్టీరింగు బిగించి పట్టుకుంటే మేము ఇంకా పెద్దదేదో ఊహించుకుంటాము. మా ఇంట్లో ఇప్పుడు పావు టాంకు అంటే ఖాళీ అని లెక్క. ఘాటు రోడ్డుకు వెళితే సగం. హైదరాబాదులో లీటరు వంద దాటింది 2021 జూన్‌లో, దిగలేదు. ఎప్పుడు పోయించినా ధర అదే కదా, ముందే పోయిస్తే నష్టమేమిటని మా శ్రీమతి ప్రశ్న. అబ్బాయి వద్ద ఇంతవరకు సమాధానం లేదు.

అన్నట్టు, ఆ పెట్రోలు బొమ్మ పక్కన చాలా కార్లలో చిన్న బాణం గుర్తు ఉంటుంది. పెట్రోలు మూత బండికి ఏ పక్క ఉందో చెబుతుంది అది. బంకులో అటూ ఇటూ తిప్పి తిట్లు తినేవారికి పనికివస్తుంది.

వెనుక వరసలోంచి ఎవరో అడుగుతున్నారు, డిక్కీలో అయిదు లీటర్ల డబ్బా పెట్టుకోవచ్చా అని. వద్దండీ. ఎండలో నిలిపిన కారులో పెట్రోలు ఆవిరి చేరితే నిప్పురవ్వ చాలు. కొన్ని హైబ్రిడ్లకు బ్యాటరీ ఉండేది కూడా ఆ డిక్కీ అడుగునే. మరికొన్నింటిలో బ్యాటరీకి చల్లగాలి వెళ్ళే జాలీ వెనుక సీటు పక్కన ఉంటుంది, దానికి అడ్డంగా దిండ్లు, దుప్పట్లు కూడా పెట్టకూడదు. ఇంకా సందేహాలుంటే టీ దగ్గర మాట్లాడుకుందాము. కార్యదర్శిగారు గంట చూపిస్తున్నారు.