పిండి ప్యాకెట్టు – యంత్రం తూకం – మన హక్కు
(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



తూనికలు కొలతల శాఖలో కర్నూలు, కడప జిల్లాలలో చాలా ఏండ్లు పనిచేసినవాణ్ణి. అందువలన మనందరి ఇండ్లలోకి రోజూ వచ్చే పిండి ప్యాకెట్టును గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు కోరారు. నాకు తెలిసినంతలో మనవి చేస్తాను.

మన చిన్ననాడు పిండి కొనడమనేది లేదు. జొన్నలు, కొర్రలు, రాగులు ఇంట్లో ఉండేవి. విసురుకోవడమో, మర ఆడించుకోవడమో చేసేవారు. గింజలను సేరుతో, పడితో కొలిచేవారు. బెల్లం, చింతపండు వీశెల లెక్కన తూచేవారు. వీశె అంటే సుమారు 1,400 గ్రాములు. 1956 చట్టం వచ్చిన తర్వాత, 1958 అక్టోబరు మొదలు దశలవారీగా కిలోలు, గ్రాములు వచ్చాయి. ఇప్పుడు రాగిపిండి, జొన్నపిండి, మన నంద్యాల ప్రాంతం శనగలతో చేసిన శనగపిండి, అన్నీ ప్యాకెట్టులోనే. తూచేది మన కళ్ల ఎదుట కాదు. ఎక్కడో ఒక యంత్రం తూచి మూట కడుతుంది. దాన్ని నమ్మవచ్చునా అన్నదే ప్రశ్న.

గింజను తూచడం సులభం, పిండిని తూచడం కష్టం. అప్పుడే ఆడించిన పిండి గాలితో నిండి పొంగి ఉంటుంది. డబ్బాలో పోసి నాలుగుసార్లు తడితే రెండు వేళ్లు దిగిపోతుంది. బరువు మారలేదు, చోటు మాత్రమే తగ్గింది. కాబట్టి గిన్నె కొలతతో నింపే యంత్రం ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ పోస్తుంది. వానాకాలంలో తేమ తగిలితే పిండి ఉండకట్టి తొట్టిలో కమానులాగా నిలిచిపోతుంది. కింద ఖాళీ, పైన పిండి. అందుకే తొట్టిలో కలియబెట్టే రెక్కలు పెడతారు.

పిండికి ఎక్కువగా వాడేది మరచుట్టు యంత్రం. దీన్ని ఆగర్ అంటారు. తొట్టి అడుగున స్క్రూ వంటి కడ్డీ ఉంటుంది. అది ఇన్ని చుట్లు తిరిగితే ఇంత పిండి పడుతుందని లెక్క. ఇదీ నిజానికి కొలతే, తూకం కాదు. తొట్టి నిండుగా ఉన్నప్పుడు పై బరువుకు పిండి గట్టిపడి చుట్టుకు ఎక్కువ పడుతుంది. తొట్టి ఖాళీ అవుతున్నకొద్దీ తక్కువ పడుతుంది. ఒక మిల్లులో ఉదయం ప్యాకెట్లు సరిగా ఉండి, సాయంత్రంవి తగ్గుతుండడం నేను చూశాను. తొట్టి మట్టం ఎప్పుడూ ఒకేలా ఉండేట్లు చూడమన్నాను. తేడా చాలావరకు పోయింది.

ఇంతకన్నా మేలైనది నిజంగా తూచి పోసే యంత్రం. సంచి కింద లోడ్ సెల్ అనే లోహపు దిమ్మె ఉంటుంది. బరువు పడినప్పుడు అది కంటికి కనబడనంతగా వంగుతుంది. ఆ వంపును కరెంటు సంకేతంగా మార్చి గ్రాములలో చూపుతుంది. యంత్రం మొదట వేగంగా పోస్తుంది. బరువు దగ్గరకు రాగానే ధారను సన్నం చేస్తుంది. ఆపిన తర్వాత కూడా గాలిలో ఉన్న పిండి కాస్త పడుతుంది కదా, దాన్ని కూడా లెక్కవేసుకుని ముందుగానే ఆపుతుంది. కిరాణా కొట్టులో మన శెట్టిగారు చివరకు చిటికెడు చిటికెడుగా వేసేవారే, అదే పద్ధతి. అయితే దిమ్మె మీద దుమ్ము పేరుకున్నా, ఫ్యాను గాలి తగిలినా, మన ఎండలకు షెడ్డు కాగిపోయినా అంకె కదులుతుంది. అందుకే రోజూ సరిచూసిన తూకపు రాయి పెట్టి పరీక్షించుకోవాలి.

ఏ యంత్రమూ ప్రతిసారీ గ్రాముకు గ్రాము పోయలేదు. చట్టం ఈ సంగతి ఒప్పుకున్నది. 2009 చట్టం కింద వచ్చిన 2011 ప్యాకెట్ల నిబంధనల ప్రకారం 500 గ్రాముల ప్యాకెట్టులో 15 గ్రాముల వరకు, కిలో ప్యాకెట్టులో కూడా 15 గ్రాముల వరకు లోటు క్షమార్హం. కాని దానితోపాటు ఇంకొక షరతు ఉంది. మచ్చుకు తీసిన ప్యాకెట్ల సగటు బరువు, పైన వ్రాసిన బరువుకు తగ్గరాదు. అంటే ఒకటి తగ్గితే ఇంకొకటి పెరగాలి.

ఒక యజమాని యంత్రాన్ని 490 గ్రాములకు నిలిపి, "పదిహేను లోపలే కదా సార్" అన్నాడు. ప్యాకెట్టుకు పది గ్రాములంటే వెయ్యి ప్యాకెట్లకు పది కిలోలు. చట్టం ఇచ్చిన వెసులుబాటు యంత్రం తడబాటుకే గాని యజమాని లాభానికి కాదు. కేసు వ్రాశాను. యంత్రానికి నీతి, అవినీతి లేవు. దానికి అంకె చెప్పే చేతికి ఉంటుంది.

ఇది డబ్బుకు సంబంధించినది మాత్రమే కాదు. అంగన్‌వాడీలలో ఏడు నెలల నుండి మూడేండ్ల లోపు పిల్లలకు ఇచ్చే బాలామృతం సంగతి చూడండి. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనెతో చేసే పొడి అది. హైదరాబాదు నాచారంలో 1976లో స్థాపించిన ఏ.పి. ఫుడ్స్, అంటే నేటి తెలంగాణ ఫుడ్స్, దీని తయారీకి పేరుపడిన సంస్థ. ప్యాకెట్టు రెండున్నర కిలోలు. రోజుకు 100 గ్రాములు, 25 రోజులకు సరిపడే లెక్క. వానలు మొగం చాటేసిన ఏడు మన పల్లెలలో కూలికి వెళ్లే తల్లికి ఆ ప్యాకెట్టే ఆధారం. అక్కడ నూరు గ్రాములు తగ్గితే ఒక బిడ్డకు ఒక దినం తిండి తగ్గినట్లే. అందుకే పిండి తూకాన్ని చిన్న విషయమనుకోకూడదు.

మరి మనమేమి చేయగలం? ఇంట్లో చిన్న కాటా ఉంటే, ముందు దాన్ని పరీక్షించండి. లీటరు నీళ్లు దాదాపు కిలో తూగాలి. గిన్నె బరువు తీసివేయండి. తర్వాత ప్యాకెట్టును విప్పకుండా తూచి, అటువంటి ఖాళీ కవరు బరువు తగ్గించండి. ఒక ప్యాకెట్టు నాలుగైదు గ్రాములు తగ్గితే గొడవపడవద్దు. ఒకే రకం ప్యాకెట్లు వరుసగా అన్నీ తగ్గుతుంటే మాత్రం బిల్లు, విప్పని ప్యాకెట్టు పట్టుకుని మా శాఖ కార్యాలయానికి వెళ్లండి. వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోను చేసినా సరే. అంగడిలో కాటాపై ప్రభుత్వ ముద్ర ఏ సంవత్సరానిదో చూడండి. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటేటా ముద్ర పడాలి.

మనకు తీరిక ఉంది, లెక్క తెలుసు, అధికారులతో మాట్లాడే అలవాటు ఉంది. మన వీధిలోని అంగన్‌వాడీలో నెలకొకసారి, టీచరమ్మ అనుమతితో, రెండు ప్యాకెట్లు తూచి చూస్తే అది గొప్ప సేవ అవుతుంది. ఈ పనికి ముందుకు వచ్చేవారు కార్యదర్శి గారికి పేర్లు ఇవ్వవలసినదిగా కోరుతున్నాను.