గీత పక్కన ఉన్న పిల్లవాడు

(స్వర్ణోత్సవ సభలో మన పాఠశాల విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, నాతో కలిసి పనిచేసిన ఉపాధ్యాయ మిత్రులకు, ఎక్కడెక్కడి నుంచో పనులు మానుకుని వచ్చిన నా పిల్లలకు వందనాలు. మీలో కొందరికి తల నెరిసింది. అయినా నాకు పిల్లలే. డ్రిల్లు సారుకు మైకు ఇస్తే వదలడని పాత ఫిర్యాదు ఒకటుంది. పది నిమిషాల్లో ముగిస్తాను.

పొద్దున మీలో చాలామంది పిల్లాపాపలతో బెలుం గుహలు చూసి వచ్చారు. ఇప్పుడు లైట్లు, మెట్లు, టికెట్టు అన్నీ ఉన్నాయి. ఒకప్పుడు అది ఊరి చెత్త వేసే గుంత. 1884లోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ దొర దాని గురించి రాసిపెట్టాడు. తర్వాత దాదాపు నూరేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. 1982లో జర్మనీ నుంచి గెబావర్ బృందం వచ్చి, రెండు మూడేళ్ళు లోపలికి దిగి కొలిస్తే మూడు కిలోమీటర్లకు పైగా పొడవు తేలింది. 2002లో పర్యాటకులకు తెరిచారు. గుహ కొత్తగా పుట్టలేదు. దిగి చూసినవాడు ఆలస్యంగా వచ్చాడు, అంతే.

పిల్లల విషయంలోనూ ఇదే జరుగుతుందని చెప్పడానికి మీకు ఒక ఆటగాడి కథ చెబుతాను.

సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ అనే చోట 1936లో తులసీదాస్ బలరాం పుట్టాడు. పేద కుటుంబం. ఫుట్‌బాల్‌లో అతనిది ఎక్కువగా ఎడమ వింగ్. వింగర్ అంటే మైదానం అంచున, తెల్లగీత పక్కన ఆడేవాడు. ఆట అంతా నడిమధ్య జరుగుతుంటే అతను గీత పక్కన కాచుకుని ఉండాలి. బంతి వచ్చిన ఆ ఒక్క క్షణంలో గాలిలా దూసుకుపోవాలి. చూసే కన్ను లేకపోతే వింగర్ ఎవరికీ కనబడడు.

చూసినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ పోలీసు జట్టును, భారత జట్టును తీర్చిదిద్దిన ఆ మహా శిక్షకుడు మొదట ఎవరో తెలుసా? బడిపంతులు. కాచిగూడ బడిలోనూ, చాదర్‌ఘాట్ హైస్కూల్లోనూ పాఠాలు చెప్పినవారు. సికింద్రాబాద్‌లో బలరాం ఆట చూసి, హైదరాబాద్ వచ్చి సాధన చెయ్యమన్నారు. అంత దూరం రోజూ రావడానికి తన దగ్గర డబ్బులు లేవన్నాడు కుర్రవాడు. రహీం సారు సైకిల్ ఏర్పాటు చేశారు. ఈ సంగతి బలరామే తర్వాత చెప్పుకున్నారు.

ఆ సైకిల్ ఎంత దూరం పోయిందో వినండి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు సెమీఫైనల్ చేరింది. అంతకుముందు ఆసియా దేశమేదీ ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంతదూరం పోలేదు. యుగోస్లావియాతో ఆ మ్యాచ్‌లో ఇరవై ఏళ్ళ బలరాం దేశం తరఫున దిగాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్ కొట్టాడు. కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో నూటికి పైగా గోల్స్ చేశాడు, ఆ జట్టుకు కెప్టెన్ అయ్యాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో జపాన్ మీద గెలిచిన మ్యాచ్‌లో అతని గోల్ ఉంది. ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1 తో ఓడించి మనవాళ్ళు బంగారు పతకం తెచ్చారు. ఆ తర్వాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ బంగారం రాలేదు.

1963 వచ్చేసరికి ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. ఇరవై ఏడేళ్ళకే బూట్లు విప్పేశాడు. అదే ఏడు జూన్‌లో రహీం సారు క్యాన్సర్‌తో కన్నుమూశారు. బలరాంతో కలిసి ఆడిన పి.కె. బెనర్జీకి, చునీ గోస్వామికి పద్మ పురస్కారాలు వచ్చాయి. బలరాంకు అర్జున వచ్చింది గానీ పద్మ రాలేదు. 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో పోయారు. మరునాడు పేపర్లో చూసి, ఆయన మన హైదరాబాద్ వాడే కదా అనుకున్నవాళ్ళు మనలో ఎంతమంది?

ఆ 1963 జూన్‌లోనే కెనడాలోని మాంట్రియల్‌లో ఒక కొత్త పద్ధతి మొదలైంది. అక్కడ మంచు మీద ఆడే హాకీ ఉంది. అందులోనూ వింగర్లుంటారు. కుర్రవాళ్ళు జూనియర్ లీగుల్లో ఆడుతుంటే పెద్ద క్లబ్బులు మనుషుల్ని పంపి చూసుకుని, ఏటా వరుసగా పేర్లు పిలిచి ఎంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. మొదటి ఏడు ఇరవై ఒక్కమందిని ఎంచుకుంటే, ఇప్పుడు ముప్పై రెండు క్లబ్బులు ఏడు రౌండ్లలో రెండు వందల మందికి పైగా ఎంచుకుంటున్నాయి. అక్కడ పిల్లవాణ్ణి వెతికే బాధ్యత పద్ధతిది. ఇక్కడ ఆ బాధ్యత ఒక పంతులు కంటిది, అతని జేబుది.

ఇప్పుడు నా సంగతి. తొమ్మిదో తరగతిలో నా దగ్గర ఒక పిల్లవాడుండేవాడు. నాపరాళ్ళ నేల మీద ఉత్త కాళ్ళతో పరుగెత్తి, నంద్యాల, ఆళ్ళగడ్డ పిల్లల్ని జోనల్ పోటీల్లో వెనక్కి నెట్టాడు. కర్నూలులో జిల్లా సెలక్షన్. బస్సు చార్జీ లేదు, బూట్లు లేవు. నెలాఖరు. "వచ్చే ఏడు చూద్దాంలేరా" అన్నాను. వచ్చే ఏటికి వాడు బడిలో లేడు, నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో ఉన్నాడు. పోయిన ఏడు కొలిమిగుండ్లలో కనబడి, చెప్పులు విప్పి నాకు దండం పెట్టాడు. "కర్నూలికి పోయింటే ఏమయ్యేదో సార్" అని నవ్వాడు. వాడి మాటలో కోపం లేదు. ఉంటే నాకు నిద్ర పట్టేది.

రహీం సారుకూ నాకూ తేడా విద్యలో లేదు. ఆయన ఆరోజే సైకిల్ చూశారు, నేను వచ్చే ఏడు అన్నాను.

అందుకే పూర్వ విద్యార్థుల సంఘానికి ఒక మనవి. స్వాగత తోరణం కట్టండి, కాదనను. దాంతోపాటు ఒక చిన్న నిధి పెట్టండి. సెలక్షన్‌కు పోయే పిల్లకు గానీ పిల్లవాడికి గానీ రానుపోను చార్జీ, జత బూట్లు, రెండు పూటల భోజనం. ఆటలకే కాదు, సైన్సు ఫెయిర్‌కూ, ప్రవేశ పరీక్షకూ కూడా. అర్జీలు, సంతకాలు వద్దు. టీచరు అడిగిన సాయంత్రమే డబ్బు చేతికి అందాలి. నా ఒక నెల పింఛను ఇదిగో, ఈ కవర్లో ఉంది.

ఉపాధ్యాయ మిత్రులారా, రేపు గ్రౌండులో నిలబడినప్పుడు నడిమధ్య ఉన్నవాణ్ణే కాదు, గీత పక్కన ఉన్నవాణ్ణి కూడా ఒకసారి చూడండి. "వచ్చే ఏడు" అనే మాట మాత్రం వాడితో అనకండి.