తెలిసినవాళ్లు ఏం చేశారు?



న్యాయవాదుల స్మృతిలో జరిగే ఉపన్యాసాల్లో చరిత్రాత్మక తీర్పుల గురించి మాట్లాడటం ఆనవాయితీ. ఈరోజు నేను ఎవరూ పట్టించుకోని ఒక చిన్న తీర్పు గురించి మాట్లాడతాను. అది 2005లో, ఫ్రాన్స్‌లో బ్రిటనీ ప్రాంతంలోని వాన్ పట్టణంలో వెలువడింది. ముద్దాయి జోయెల్ లె స్కువార్నెక్, వృత్తి రీత్యా సర్జన్. పసిపిల్లల మీద లైంగిక హింసను చూపే చిత్రాలను ఇంటర్నెట్లో డబ్బు కట్టి సంపాదించాడు. అతని క్రెడిట్ కార్డు జాడను పట్టుకున్నది ఫ్రెంచి పోలీసులు కాదు, అమెరికా ఎఫ్‌బీఐ. కోర్టు నాలుగు నెలల జైలుశిక్ష వేసింది, అదీ సస్పెండెడ్ శిక్ష. మానసిక చికిత్స తీసుకోవాలనే షరతు లేదు. వైద్యం చేయకూడదనే నిషేధమూ లేదు. అతను మళ్లీ ఆపరేషన్ థియేటర్లోకి వెళ్లాడు.

ఇరవై ఏళ్ల తర్వాత, 2025 మే 28న, అదే ఊళ్లో మరో కోర్టు అదే మనిషికి ఇరవై ఏళ్ల జైలుశిక్ష విధించింది. బాధితులు 299 మంది. వారిలో 256 మంది నేరం జరిగేనాటికి పదిహేనేళ్లు నిండని పిల్లలు. ఎక్కువమంది అతని పేషెంట్లే. అపెండిసైటిస్‌కో మరో నొప్పికో తల్లిదండ్రులు నమ్మకంతో ఆసుపత్రిలో చేర్చినవాళ్లు. 1989 నుంచి 2014 దాకా, మత్తులో ఉన్నప్పుడు, మత్తు వదులుతున్నప్పుడు, పరీక్ష చేసే నెపంతో ఈ నేరాలు జరిగాయి.

బయటపడింది కూడా ఏ వ్యవస్థ చలవ వల్లా కాదు. 2017లో జోంజాక్ అనే ఊళ్లో పొరుగింటి ఆరేళ్ల పాప జరిగింది తల్లిదండ్రులకు చెప్పింది. వాళ్లు నమ్మారు, ఫిర్యాదు చేశారు. ఇల్లు సోదా చేస్తే మూడు లక్షలకు పైగా చిత్రాలు, బొమ్మలు, వాటితో పాటు డైరీలు దొరికాయి. ఏళ్ల తరబడి పిల్లల పేర్లు రాసి, ఎవరికి ఏం చేశాడో వివరంగా నమోదు చేసుకున్నాడు. ఆ పేర్లు పట్టుకుని పోలీసులు ఒక్కొక్కరినీ వెతికారు. ముప్ఫై, నలభై ఏళ్లొచ్చి ఉద్యోగాలు చేసుకుంటూ పిల్లల్ని పెంచుకుంటున్నవాళ్ల దగ్గరికి ఒకరోజు పోలీసులు వచ్చి, చిన్నప్పుడు మీకు ఫలానా ఆపరేషన్ జరిగింది కదా అని అడిగారు. చాలామందికి తమకు జరిగింది తెలిసింది అప్పుడే, అదీ నేరస్థుడి రాతలోంచి. కొందరికి అన్నాళ్లుగా తమను పీడించిన భయాలకు కారణం దొరికింది. ఇంకొందరికి జ్ఞాపకమే లేని గాయం ఒకటి చేతికొచ్చింది. దాన్ని ఏం చేసుకోవాలో చెప్పేవాళ్లు లేరు.

మళ్లీ 2005 దగ్గరికి వస్తాను. ఆ శిక్ష సంగతి ఎవరికీ తెలియలేదా? తెలుసు. అప్పుడతను కెంపెర్లే ఆసుపత్రిలో పనిచేస్తున్నాడు. 2006లో అక్కడి మానసిక వైద్యుడు తియెరీ బోన్‌వలోకు విషయం తెలిసింది. ఆయన నేరుగా సర్జన్‌నే నిలదీసి, రాజీనామా చేయమన్నాడు. అతను చేయనన్నాడు. బోన్‌వలో ఆసుపత్రి డైరెక్టరుకు రాతపూర్వకంగా హెచ్చరిక పంపాడు. విషయం ఆరోగ్యశాఖ అధికారులకూ, జిల్లా వైద్యమండలికీ చేరింది. మండలి చర్చించి, వైద్యనీతికి భంగం కలగలేదని తేల్చింది. అదే ఏడాది అతని ఉద్యోగం పర్మనెంటు అయింది. 2008లో జోంజాక్ ఆసుపత్రికి మారాడు. అక్కడి యాజమాన్యమూ శిక్ష సంగతి తెలిసే చేర్చుకుంది.

ఇలా ఎందుకు జరిగిందంటే జవాబు చాలా మామూలుది. చిన్న ఊళ్ల ఆసుపత్రులకు సర్జన్లు దొరకడం గగనం. సర్జన్ పోతే విభాగం మూతపడుతుంది. ఉన్నవాడు మర్యాదస్తుడు, పనిమంతుడు, పైగా చదువుకున్నవాడు. చిత్రాలు చూశాడే గానీ ఎవరినీ ముట్టుకోలేదు కదా అని సర్దిచెప్పుకున్నారు. కోర్టు కూడా అలాగే ఆలోచించిందని నాకనిపిస్తుంది. ఆ చిత్రాల్లో ఉన్నదీ పిల్లలే. అవి కొనేవాడి చేతికింద రోజూ మత్తులో ఉండేదీ పిల్లలే. ఈ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చదవడానికి గొప్ప న్యాయశాస్త్రం అక్కర్లేదు.

శిక్ష వేసే కోర్టుకూ కొలువు ఇచ్చేవాళ్లకూ మధ్య ఉండే అగాధం ఫ్రాన్స్‌కు మరో కేసులోనూ అనుభవమైంది. 2015లో విల్‌ఫొంతేన్‌లో ఒక ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు తన బడి పిల్లల మీదే అఘాయిత్యాలు చేసి పట్టుబడ్డాడు. ఇలాంటి చిత్రాల కేసులోనే 2008లో అతనికి శిక్ష పడిందనీ, విద్యాశాఖకు ఎవరూ చెప్పలేదనీ అప్పుడు తేలింది. పిల్లలతో పనిచేసేవారికి ఇలాంటి శిక్ష పడితే ప్రాసిక్యూటరు వారి పైఅధికారులకు తప్పనిసరిగా తెలియజేయాలని 2016 ఏప్రిల్‌లో చట్టం వచ్చింది. మంచిదే. కానీ లె స్కువార్నెక్ విషయంలో పైవాళ్లకు తెలిసింది కదా! చట్టం సమాచారాన్ని బల్ల మీదికి చేర్చగలదు, అంతే.

2025 విచారణలో జాతీయ వైద్యమండలి బాధితులతో పాటు తానూ నష్టపోయిన పక్షంగా (సివిల్ పార్టీ) కోర్టు ముందుకు వచ్చింది. విచారం వ్యక్తం చేసింది. బాధితులకు ఒళ్లు మండిందంటే తప్పు పట్టగలమా?

శిక్ష సంగతి క్లుప్తంగా చెబుతాను. ఫ్రాన్స్‌లో నేరానికో శిక్ష చొప్పున కలుపుకుంటూ పోరు. ఈ నేరాలకు ఇరవై ఏళ్లే గరిష్ఠం. శిక్షాకాలం ముగిశాక కూడా నిర్బంధంలో ఉంచే అవకాశాన్ని ప్రాసిక్యూషన్ అడిగింది, కోర్టు ఒప్పుకోలేదు. బాధితులు భగ్గుమన్నారు. వాళ్ల కోపం నాకర్థమవుతుంది, అయినా నా దృష్టిలో అసలు వైఫల్యం 2025ది కాదు. 2005 తర్వాత అతని చేతిలో పడ్డ పిల్లల్ని కాపాడే వీలు ఒక కోర్టుకూ, రెండు ఆసుపత్రులకూ, ఒక వైద్యమండలికీ ఉండింది.

ఈ సభలో ఆసుపత్రులు నడిపేవారు ఉన్నారు కాబట్టి ఒక్క మాట. మన పోక్సో చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం పిల్లలపై ఇలాంటి నేరం జరిగిందని తెలిసినవారు, జరగవచ్చని అనుమానం ఉన్నవారు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. సంస్థ అధిపతి తన కింద పనిచేసేవారి నేరాన్ని దాచిపెడితే 21వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు. 2020 నాటి పోక్సో నియమాలు పిల్లలతో నిత్యం సంబంధం ఉండే సంస్థలు ప్రతి సిబ్బందికీ పోలీసు వెరిఫికేషన్ చేయించాలంటున్నాయి. ఆ నియమం బడులకే అనుకోకండి. మీ పిల్లల వార్డులోకి వెళ్లే ప్రతి ఒక్కరికీ చేయించండి, సర్జన్లతో సహా.